ఇంట్లో ఉన్న చించిల్లాకు కొత్త తోడును అలవాటు చేయడం ఎలా? తిరుపతి ఎండల్లో పెంచేవాళ్ల కోసం

ఇంట్లో ఒక చించిల్లా (ఎలుక, ఉడుతల కోవకు చెందిన ఒత్తు బొచ్చు పెంపుడు జంతువు) ఉంది. ఒంటరిగా ఉందని జాలేసి ఇంకోటి తేవాలనుకుంటున్నారు. మంచి ఆలోచనే. కానీ తెచ్చిన రోజే రెండిటినీ ఒకే బోనులో వదిలితే కొట్టుకుంటాయి. చూడటానికి దూదిపింజలా ఉండే ఈ జీవి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఎండిన కట్టెను కూడా కొరికేస్తాయి. అలాంటి పళ్లతో కరుచుకుంటే కాలివేలు తెగిపోవచ్చు, చెవి చిరగవచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ పనిని వారాల లెక్కన చేయాలి.

అడవిలో చించిల్లాలు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో, రాళ్ల సందుల్లో గుంపులుగా బతుకుతాయి. కాబట్టి తోడు వాటికి ఇష్టమే. అలాగని మనం తెచ్చిన ప్రతిదాన్నీ ఇష్టపడాలని లేదు. మీ చించిల్లా బాగా తింటూ, సాయంత్రం నుంచి హుషారుగా గెంతుతూ, మీ చేతి దగ్గరికి వస్తూ ఉంటే అది సుఖంగానే ఉన్నట్టు. దానికి రెండోది తప్పనిసరి కాదు. పైగా అవి రెండూ ఎప్పటికీ కలవకపోవచ్చు. అప్పుడు రెండు బోన్లు, రెండింతల శుభ్రం చేసే పని, రెండు విడతల ఆట సమయం జీవితాంతం ఉంటాయి. చించిల్లా ఆయుష్షు 10 నుంచి 20 ఏళ్లు. దానికి ఇంట్లో అందరూ సరే అన్నాకే అడ్వాన్స్ కట్టండి.

జోడీ చూసుకోవడం

రెండూ మగవైనా, రెండూ ఆడవైనా కలిసి బతకగలవు. పాతదాని స్వభావమే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. సాధారణంగా పెద్దదానికి చిన్న వయసుదాన్ని అలవాటు చేయడం తేలిక. ఎదిగిన రెండు ఆడవాటికి ఎక్కువ సమయం పట్టవచ్చు. చించిల్లాల్లో ఆడవే పెద్దవిగా ఉంటాయి, పెత్తనం కూడా వాటిదే. రెండు మగవి ఉన్న చోట ఆడదాని వాసన తగిలినా గొడవ మొదలవుతుంది.

ఆడ, మగ కలిపి ఉంచాలనుకుంటే పిల్లలు పుడతాయి. గర్భం సుమారు 111 రోజులు. ఈనిన వెంటనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. పుట్టిన పిల్లలకు చల్లటి ఇళ్లు వెతకడం మన ఊళ్లో తేలిక కాదు. మగదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలంటే చిన్న జంతువులకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న డాక్టర్ కావాలి. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు దానికి పిల్లలు పుట్టించే శక్తి ఉంటుంది, డాక్టర్ సరే అనేదాకా విడిగానే ఉంచాలి.

అమ్మే వ్యక్తి 'ఇది ఆడదే' అన్నాడని నమ్మకండి. చించిల్లా మగవాటికి వృషణాల సంచి బయటికి వేలాడదు. ఆడదానికీ మూత్రం వచ్చే చోట చిన్న మొన ఉంటుంది కాబట్టి చాలామంది పొరబడతారు. ఆ మొనకూ మలద్వారానికీ మధ్య ఎడం ఉంటే మగ, దాదాపు ఆనుకుని ఉంటే ఆడ. అయినా ఒకసారి డాక్టర్ చేత చూపించుకోండి.

ఏ నెలలో తేవాలి

తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఇది పెద్ద ప్రశ్న. చించిల్లాకు 18 నుంచి 21 డిగ్రీలు హాయి. 25 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 27 దాటితే వడదెబ్బ ప్రమాదం. చెమట పట్టదు, ఒక్కో రంధ్రం నుంచి 50కి పైగా వెంట్రుకలు వచ్చే ఒత్తైన బొచ్చు. మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది. మామూలుగా ఏసీ గదిలో కదలకుండా పడుకునే జంతువును కొత్తదాని ముందు వదిలితే పరుగెత్తుతుంది, తరుముతుంది, భయపడుతుంది. ఒంటి వేడి అమాంతం పెరుగుతుంది. అందుకే మార్చి నుంచి జూన్ వరకు ఈ పని పెట్టుకోవద్దనే నా సలహా, ఏసీ ఎంత బాగా పనిచేస్తున్నా సరే. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర డప్పుల మోత ఉంటుంది, బెదురు జంతువులకు అది ఇంకో కష్టం.

అక్టోబర్, నవంబర్ చల్లబడినట్టు అనిపిస్తుంది కానీ ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు, కరెంట్ కోతలు అప్పుడే. ఆ తేమకు బొచ్చు చెమ్మగిల్లి శిలీంధ్రం పట్టే అవకాశం ఉంటుంది. దీపావళి టపాకాయల సంగతి చెప్పక్కర్లేదు. వానలు తగ్గాక, డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి వరకు మన ప్రాంతానికి సరైన కాలం. రాత్రి ఉష్ణోగ్రత తగ్గుతుంది, వానల నాటికంటే గాలిలో తేమ తక్కువ, ఏసీ మీద భారం తక్కువ.

చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెస్తుంటే తెల్లవారుజామున బయలుదేరి ఏసీ కారులో తెచ్చుకోండి. 'బస్సులో పార్సిల్ వేస్తాం' అంటే ఒప్పుకోకండి. బిల్లు తీసుకోండి, పుట్టిన నెల రాయించుకోండి. విదేశీ జంతువులను పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవడం గురించి 2024లో నియమాలు వచ్చాయి. మీ జంతువుకు అవి వర్తిస్తాయో లేదో అటవీ శాఖ ఆఫీసులో ఒక మాట అడిగి ఉంచుకోండి.

మొదటి నెల: వేరే గది

కొత్తది ఇంట్లోకి వచ్చాక 30 రోజులు పాతదానికి కనిపించకూడదు, దాని గాలి కూడా తగలకూడదు. పైకి ఆరోగ్యంగా ఉన్నా తామర, పేగుల్లో జియార్డియా అనే పరాన్నజీవి, ఊపిరితిత్తుల జబ్బులు మోసుకొచ్చే అవకాశం ఉంటుంది. తామర ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది.

ఇక్కడ చాలామంది దగ్గర ఒక చిక్కు వస్తుంది. ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క పడకగదిలోనే. అందులో ఒక మూల పాతది, ఇంకో మూల కొత్తది పెట్టి మధ్యలో దుప్పటి కడితే సరిపోతుందా? సరిపోదు. ఒకే గదిలో గాలి ఒకటే, బోన్లు ముట్టుకునే చేతులూ అవే. దీనికి నాకు తెలిసిన దారులు రెండే. ఆరోగ్యం విషయంలో జాగ్రత్తపరుడైన అమ్మకందారు అయితే డబ్బు కట్టి ఆ నెల రోజులు విడి బోనులో తన దగ్గరే ఉంచమనండి. లేదా ఏసీ గది ఉన్న దగ్గరి బంధువు ఇంట్లో పెట్టి రోజూ మీరే వెళ్లి చూసుకోండి. ఈ రెండూ కుదరకపోతే రెండో ఏసీ వేయించుకున్నాకే తెచ్చుకోవాలి. కూలర్ పనికిరాదు, అది గాలిలో తేమ పెంచుతుంది. కరెంట్ పోతే ఏసీని ఇన్వర్టర్ మీద నడపలేని ఇళ్లు ఎక్కువ కాబట్టి గ్రానైట్ ముక్కలు ఉంచుకోండి. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ పాలిష్ యూనిట్లలో కోసి పారేసిన ముక్కలు దొరుకుతాయి. అంచులు నునుపు చేయించి ఫ్రిజ్‌లో పెట్టి, కరెంట్ పోయినప్పుడు బోనులో ఉంచితే దాని మీద పడుకుంటుంది. రెండు జంతువులకు రెండేసి ముక్కలు ఉండాలి.

ఈ నెలలో ముందు పాతదానికి తిండి, శుభ్రం చూసి, తర్వాత కొత్తదాని దగ్గరికి వెళ్లండి. చేతులు కడుక్కోండి, చొక్కా మార్చుకోండి. స్నానపు పొడి (నీళ్లకు బదులు చించిల్లాలు ఒళ్లు శుభ్రానికి దొర్లే పొడి), గిన్నెలు, చీపురు, అన్నీ వేరుగా. కొత్తదాన్ని వారానికి రెండుసార్లు గ్రాముల తూకం మీద తూచి రాసుకోండి. ఎదిగినది చాలావరకు 400 నుంచి 700 గ్రాముల మధ్య ఉంటుంది. మీరు చూడాల్సింది దాని బరువు పడిపోతోందా అన్నది. పెంటికలు చిన్నవయ్యాయంటే, లేదా ఒక పూట తిండి మానేసిందంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి ఆస్పత్రికో, మీకు నమ్మకమున్న వెట్ దగ్గరికో వెళ్లేముందు ఫోన్ చేసి చించిల్లాలను చూసిన అనుభవం ఉందా అని అడగండి. పెంటిక పరీక్ష, చర్మం, పళ్లు, ఆడా మగా, ఈ నాలుగూ చూపించండి. చించిల్లా ముందుపళ్లు పసుపు-నారింజ రంగులో ఉండటం మామూలే, తెల్లగా ఉంటేనే అనుమానించాలి.

వాసనతో పరిచయం

నెల గడిచి, రెండూ ఆరోగ్యంగా ఉన్నాయని తేలాక బోన్లను ఒకే గదిలోకి తెండి. మధ్యలో కనీసం జానెడు ఎడం ఉండాలి. ఊచల్లోంచి కాలివేళ్లు కొరికే అలవాటు వీటికి ఉంది, ఎక్కువ గాయాలు అక్కడే అవుతాయి.

మొదటి రోజుల్లో పాతది మొరగవచ్చు. కుక్కపిల్ల అరుపుకు దగ్గరగా, ఆగి ఆగి వచ్చే శబ్దం అది, 'ఇక్కడ ఏదో కొత్తది ఉంది' అని దాని హెచ్చరిక. ఆడదైతే వెనక్కాళ్ల మీద నిలబడి మూత్రం చిమ్ముతుంది. కోప్పడకండి, తుడిచేయండి. రెండు మూడు రోజుల్లో అవి ఒకదానికొకటి ఎదురుగా కూర్చుని గడ్డి తినడం మొదలుపెడితే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

ఇక వాసనలు మార్చాలి. పాతది దొర్లిన స్నానపు పొడిలోనే కొత్తదాన్ని దొర్లనివ్వండి. మర్నాడు తిప్పి చేయండి. ఈ పొడి అగ్నిపర్వత రాయి నుంచి చేసిన చించిల్లా డస్ట్ అయి ఉండాలి. స్వర్ణముఖి ఇసుక, టాల్కం పౌడర్, విభూతి, ఇవేవీ దానికి బదులు కావు. వారానికి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు చాలు. తర్వాత చెక్క అరలు, దాక్కునే పెట్టెలు ఒక బోనులోంచి ఇంకో బోనులోకి మార్చండి. చివరగా జంతువులనే మార్చండి: ఇది దాని బోనులో, అది దీని బోనులో, కొన్ని గంటలపాటు. అప్పుడు మూత్రం చిమ్మకుండా, తిండి మానకుండా మామూలుగా తిరిగితే తర్వాతి మెట్టుకు వెళ్లవచ్చు. ఈ దశకు నేను రెండు వారాలైనా ఇవ్వమంటాను. కొన్నింటికి నెల కూడా పడుతుంది. ముక్కులకు వెనీలా గానీ, నొప్పికి రాసే బామ్ గానీ పూసి వాసన తెలియకుండా చేయమని కొందరు చెబుతారు. వద్దు. వాసనతోనే అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి, ఆ దారిని మూసేసి స్నేహం చేయించలేం.

మొదటి కలయిక

ఇద్దరికీ కొత్తదైన చోటు కావాలి. పాతది రోజూ ఆడుకునే హాలు పనికిరాదు, అది తన రాజ్యం అనుకుంటుంది. బాగా ఆరిన బాత్రూమ్ చాలా ఇళ్లలో అనుకూలంగా ఉంటుంది. ముందు రోజు ఫినాయిల్, యాసిడ్ వాడకండి, వట్టి వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఇండియన్ టాయిలెట్ అయితే గుంట మీద పలక పరిచి బరువు పెట్టండి, నీళ్ల బకెట్లు తీసేయండి. పక్కనున్న ఏసీ గది తలుపు తీసి ఉంచి లోపలి వేడిని థర్మామీటర్‌తో చూడండి. 22 డిగ్రీలు దాటి ఉంటే ఆ రోజు మానుకోండి.

సమయం సాయంత్రం, అవి నిద్రలేచి హుషారుగా ఉండే వేళ. ఇంట్లో ఒక్కరు, మహా అయితే ఇద్దరు ఉండండి. పిల్లల్ని, ఫోన్ కెమెరాల్ని బయటే ఉంచండి. మీ పక్కన మందపాటి టవల్, ఒక అట్టముక్క ఉండాలి.

లోపల రెండు అట్టపెట్టెలు, ఒక్కోదానికి రెండేసి దారులు. ఒకే దారి ఉంటే లోపల దూరినదాన్ని ఇంకోటి మూలకు తోసి కొరుకుతుంది. ఒక పెద్ద స్నానపు పొడి తొట్టి. కలిసి దొర్లితే ఇద్దరి ఒంటికీ ఒకటే వాసన పడుతుంది, అది చాలా సాయం చేస్తుంది. తినుబండారాలు పెట్టకండి, వాటి కోసమే గొడవ పడతాయి.

ఇక చూస్తూ కూర్చోండి. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో తెలుసుకోవడమే ఇక్కడ అసలు పని.

వాసన చూసుకోవడం, వెంట పడటం, ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కడం, చిన్నగా కీచుమనడం, ఇవన్నీ ఎవరు పెద్ద అని తేల్చుకోవడం. ఆడవి రెండైనా, మగవి రెండైనా ఎక్కుతాయి. కాస్త బొచ్చు రాలినా కంగారు పడొద్దు. మీరు ప్రతిసారీ మధ్యలో చేయి పెడితే ఆ లెక్క ఎప్పటికీ తేలదు, రేపు మళ్లీ మొదటి నుంచి.

ఆపాల్సినవి వేరు. పళ్లు టకటకలాడించడం, వెనక్కాళ్ల మీద నిలబడి ఎదురెదురుగా కలబడటం, ఆగకుండా తరమడం, కుచ్చులు కుచ్చులుగా బొచ్చు ఊడటం, నొప్పితో కూడిన అరుపు. చించిల్లాను పట్టుకుంటే బొచ్చు వదిలేసి తప్పించుకుంటుంది, అది దాని రక్షణ. కానీ నేలంతా బొచ్చు పరుచుకుందంటే పోరు హద్దు దాటినట్టే. మధ్యలోకి అట్టముక్క దించి, ఒకదాన్ని టవల్‌తో కప్పి తీయండి. వట్టి చేత్తో విడదీయబోతే మీ వేలికి లోతైన గాటు పడవచ్చు. రక్తం కనిపిస్తే ఆ రోజుతో ఆపి, ఒళ్లంతా, ముఖ్యంగా వేళ్లు, చెవులు, మర్మాంగం చూడండి. మళ్లీ వాసన దశకు వెళ్లి వారం పది రోజుల తర్వాత మొదలుపెట్టండి.

చెవులు ఎర్రగా కంది, నరాలు ఉబ్బి కనిపిస్తే, నోరు తెరిచి రొప్పినా, ఒళ్లు చాచి పక్కకు పడిపోయినా వడదెబ్బ మొదలైనట్టు. చల్లగదికి మార్చి చెవులకూ పాదాలకూ చల్లటి తడిగుడ్డ అద్దుతూ వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లు పోయకండి.

మొదటి రోజు పది నిమిషాలు చాలు. బాగా నడుస్తుండగానే ఆపేయండి. రోజూ అదే వేళకు, అదే చోట, కొంచెం కొంచెం పెంచుతూ వెళ్లండి. చిన్న సంచిలోనో, రవాణా పెట్టెలోనో రెండిటినీ కుక్కి అలవాటు చేసే పద్ధతి కూడా కొందరు వాడతారు. మన వేడిలో అది ప్రమాదం, నేను ఎవరికీ చెప్పను. మగవి ఉంటే ఆ తర్వాత దాని అంగం చుట్టూ వెంట్రుకలు ఉంగరంలా చుట్టుకున్నాయేమో చూడండి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన తర్వాత ఇలా జరుగుతుంది, వదిలేస్తే వాచి మూత్రం ఆగిపోతుంది.

ఒకే బోనులోకి

ఒకదానికొకటి ఒళ్లు నాకడం, చెవి వెనక గోకడం, ఆనుకుని పడుకోవడం కలయికల్లో కనిపిస్తోందా? గంట, గంటన్నర గొడవ లేకుండా గడుస్తోందా? అప్పుడు బోను సంగతి చూడండి. పాతదాని బోనునే వాడుతుంటే అన్నీ తీసి, సబ్బు లేకుండా వేడినీళ్లు, వెనిగర్‌తో కడిగి, అరల అమరిక మార్చేయండి. దాని పాత ఇల్లు అనిపించకూడదు. నీళ్ల సీసాలు రెండు, గడ్డి బుట్టలు రెండు, దాక్కునే పెట్టెలు రెండు, గ్రానైట్ పలకలు రెండు. పరుగెత్తి ఆడుకునే చక్రం ఒక్కటే ఉంటే మొదటి వారాల్లో తీసేయండి.

సెలవు రోజు మధ్యాహ్నం అవి నిద్రమత్తులో ఉన్నప్పుడు పెడితే గొడవ తక్కువ. ఆ రాత్రి మీరు ఆ గదిలోనే పడుకోండి, బోను పక్కన రెండో బోను సిద్ధంగా ఉంచండి. వారం పాటు ఇద్దరినీ రోజూ తూచండి. ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరుగుతుంటే బయటికి గొడవ లేకపోయినా తగ్గేదాన్ని గడ్డి దగ్గరికి రానివ్వడం లేదని అర్థం.

తిండి విషయంలో ఒక మాట. రెండయ్యాయని సంబరంలో పెట్టేవాళ్లు ఎక్కువవుతారు. ముఖ్యంగా ఇంటికొచ్చిన చుట్టాలు, పెద్దవాళ్లు ప్రేమగా లడ్డూ ప్రసాదంలోంచి ఎండుద్రాక్ష, జీడిపప్పు తీసి పెడతారు. చక్కెర, నెయ్యి దీని పేగులకు పడవు. అవ్వ తాతలకు మర్యాదగా చెప్పి, పెట్టాలని ఉంటే తిమోతి అనే రకం ఎండుగడ్డిని వాళ్ల చేతికే ఇవ్వండి. వేరుశనగ కాయలు, వేరుశనగ కట్టె కూడా వద్దు, కొవ్వుతోపాటు బూజు భయం ఉంది. మన వైపు విరివిగా దొరికే మామిడి పుల్లలు కొరకడానికి ఇవ్వకండి, సొన మంట పుట్టిస్తుంది.

కలవకపోతే

రెండు మూడు నెలలు ఓపికగా చేసినా ప్రతిసారీ రక్తమే కనిపిస్తుంటే ఇక బలవంతం చేయకండి. ఒకే గదిలో, కనిపించే దూరంలో, రెండు బోన్లలో ఉన్న చించిల్లాలు కూడా ఒకదాని చప్పుడు ఒకటి వింటూ బాగానే బతుకుతాయి. ఆట సమయం వంతులవారీగా ఇవ్వండి, సాయంత్రం పాతదానికి, రాత్రి కొత్తదానికి. ముందు వదిలేది పాతదాన్నే కావాలి, దాని అలవాటు తప్పకూడదు. కొన్నాళ్లు బాగా కలిసి ఉన్నవి కూడా ఆడది ఎదకు వచ్చినప్పుడో, ఒకటి జబ్బుపడి ఆస్పత్రికి వెళ్లొచ్చినప్పుడో మళ్లీ తగాదా పడతాయి. ఆస్పత్రి వాసనతో వచ్చినదాన్ని నేరుగా బోనులోకి వదలకండి. ముందు ఇద్దరికీ ఒకే పొడిలో స్నానం చేయించి, బాత్రూమ్‌లో ఓసారి కలిపి చూడండి. అందుకే రెండో బోనును అమ్మేయకండి, మడిచి అటక మీద పెట్టుకోండి.